బోణీ కాకముందు చందాకు పోవద్దు: ఊరి లైబ్రరీకి డబ్బులూ జనమూ రావాలంటే

మేం మొదటిసారి లైబ్రరీకి చందా అడగడానికి బయల్దేరింది ఒక సోమవారం పొద్దున తొమ్మిదిన్నరకు. ఐదుగురం. చేతిలో నలభై ఉత్తరాలు, ఆటో వెనక కట్టిన ఫ్లెక్సీ ఒకటి. సాయంత్రానికి వచ్చింది 1,150 రూపాయలు. ఫ్లెక్సీకి అయింది 1,400. ఆటో బాడుగ వేరే.

తప్పు ఎక్కువగా నాదే. మిగతా నలుగురిలో ఇద్దరు టీచర్లు, ఒకాయన రిటైరైన పోస్ట్‌మ్యాన్, ఇంకొకరు డిగ్రీ చదివే అమ్మాయి. వాళ్లకు అంగళ్ల సంగతి తెలీదు. నేను ప్రొద్దుటూరులో ముప్పై ఒక్క ఏళ్లు బట్టల అంగడిలో గుమాస్తాగా లెక్కలు రాసినవాణ్ని. షట్టర్ ఎత్తి, ఊడ్చి నీళ్లు చల్లి, దేవుని పటానికి ఊదుబత్తి వెలిగించి మొదటి బేరం కోసం ఎదురుచూసే మనిషి ముందుకు వెళ్లి చెయ్యి చాపితే ఏమవుతుందో నాకు తెలియాలి కదా. బోణీ కాకముందు గల్లాపెట్టెలోంచి రూపాయి బయటికి రాదు. దీపాలు పెట్టే వేళా రాదు. శుక్రవారం అడిగితే లక్ష్మిని బయటికి పంపమన్నట్టే. వడ్డీలు, జీతాలు కట్టే నెల మొదటి వారమూ వద్దు. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగున్నర మధ్య మంచి వేళ. భోజనం అయి ఉంటుంది, గిరాకీ పలచగా ఉంటుంది, యజమాని పేపరు మడిచిపెట్టి మాట్లాడే మనిషి కోసం చూస్తుంటాడు.

ఆ రోజు తర్వాత ఏడేళ్లుగా మా వీధి శాఖా గ్రంథాలయానికి పాఠకుల కమిటీ తరఫున లెక్కలు చూస్తున్నాను. మాలాగా ఏదో ఒక ఊళ్లో ఒక లైబ్రరీని పట్టుకుని వేలాడేవాళ్లకు పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను.

ముందు ఇంటిపన్ను రసీదు తీయించండి

ఏ అంగడి మెట్లెక్కినా మొదట వినబడే మాట ఒకటే. "అది గవర్నమెంటుది కదప్పా, మమ్మల్ని అడిగేదేంది?" దీనికి జవాబు దగ్గర పెట్టుకోకుండా వెళ్తే వచ్చిన దారినే రావాలి.

జవాబు ఆయన బీరువాలోనే ఉంటుంది. 1960లో వచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం కింద మన రాష్ట్రంలో ఇంటిపన్ను మీద లైబ్రరీ సెస్ వేస్తారు. రూపాయికి 8 పైసలు. పన్ను 2,500 అయితే సెస్ 200. మున్సిపాలిటీగానీ పంచాయతీగానీ పన్నుతో పాటు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జిల్లాలో శాఖలు నడవడానికి ఆ డబ్బు ముఖ్యమైన ఆధారం.

నేను ఎక్కడికి పోయినా మా ఇంటి రసీదు జిరాక్స్ ఒకటి జేబులో పెట్టుకుపోతాను. ఒక మందుల అంగడాయన దాన్ని చూసి, లోపలికి పోయి తన రసీదు తెచ్చుకుని, కళ్లద్దాలు పెట్టుకుని వేలితో ఆ వరుస వెదికాడు. "అంటే నేను యాడాదికోసారి కడ్తానే ఉండానా?" అన్నాడు. "కడ్తానే ఉన్నారు సార్. ఒక్కరోజూ లోపలికి రాలేదు" అన్నాను. ఆయన ఆ రోజు చందా ఇవ్వలేదు. మరుసటి వారం వాళ్ల అబ్బాయిని మెంబరుగా చేర్పించాడు. నా లెక్కలో దాన్ని జమ వైపే రాస్తాను.

ఇక్కడ ఇంకో మాట. ఊరంతా కాళ్లరిగేలా తిరిగి పదివేలు పోగేయడం కన్నా, స్థానిక సంస్థ దగ్గర నిలిచిపోయిన సెస్ బకాయిలో ఒక కంతు కదిలించడం ఎన్నో రెట్లు పెద్ద పని. ఏ ఏడాది ఎంత వసూలైంది, అందులో ఎంత జమ చేశారు అని సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. జవాబు కాగితం చేతికొచ్చాక గొడవకు పోవద్దు. వార్డు మెంబరును, కౌన్సిలరును కలిసి ఆ అంకెలు చూపించి, "సమావేశంలో ఒక్కసారి దీన్ని ఎత్తండి" అని అడగండి. పేపర్లో వేయిస్తామని బెదిరిస్తే ఫైలు ఇంకా లోపలికి పోతుంది. ఇది నా అనుభవం. ఏ ఆఫీసో చెప్పను.

వారం రోజులు తలుపు దగ్గర కూర్చోండి

చందాలకు ముందు ఇంకో పని ఉంది. లైబ్రరీకి ఎవరు వస్తున్నారు, ఎవరు రావడం లేదు అన్నది కళ్లతో చూడాలి. సందర్శకుల రిజిస్టర్ చాలదు. అందులో ముప్పై ఏళ్లుగా సంతకం చేసే పెద్దాయన రోజూ చేస్తాడు, పోటీ పరీక్షల పిల్లలు సగంమంది చేయరు.

మా శాఖ పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. ఒక వారం రెండు పూటలా నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాం. వచ్చినవాళ్లకు ఒక గీత, చదివే చోటు లేక తిరిగి పోయినవాళ్లకు ఒక సున్న. పొద్దున పేపర్ల కోసం వచ్చే పెద్దవాళ్లు. సాయంత్రం కానిస్టేబుల్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు. ఆడపిల్లలు వారం మొత్తానికి ముగ్గురే. సున్నాలు మాత్రం మేం అనుకున్నదానికి రెండింతలు ఉన్నాయి.

ఆడపిల్లలు ఎందుకు రారు? ఈ ప్రశ్న మా కమిటీలో నలుగురు మగవాళ్లం గంటసేపు చర్చించాం. సంస్కారం, సెల్‌ఫోన్లు, తల్లిదండ్రుల ఆలోచనలు అంటూ చాలా దూరం పోయాం. డిగ్రీ అమ్మాయి చివర్లో నోరు విప్పి, "బాత్‌రూమ్ తలుపుకు గడియ లేదు అంకుల్" అంది. గడియ 120 రూపాయలు. గేటు దగ్గర లైటు ఇంకో 300. ఆ రెండూ అయ్యాక నెల తిరిగేలోపు సాయంత్రం బెంచీలో ఐదారుగురు అమ్మాయిలు కూర్చోవడం మొదలైంది. జనాన్ని రప్పించాలంటే పోస్టరు ముందు గడియ చూసుకోవాలని నాకు అప్పుడు తెలిసింది. ఆ గంట చర్చ తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

లైబ్రరీ కోసం అడక్కండి, ఫ్యాను కోసం అడగండి

మొదటి రోజు మేం పంచిన ఉత్తరంలో "విజ్ఞాన భాండాగారమైన గ్రంథాలయ అభివృద్ధికి తమ అమూల్యమైన సహాయ సహకారాలు" అని రాశాం. టీచర్లు రాసిన ఉత్తరం, ఒక్క తప్పు లేదు. చదివినవాళ్లు మాత్రం 51 రూపాయలో 101 రూపాయలో చేతిలో పెట్టి పంపారు. గుడికీ అంతే, వినాయకచవితి పందిరికీ అంతే, మాకూ అంతే. అంగట్లో చందాకు ఒక రేటు ఉంటుంది. ఆ రేటు దాటించాలంటే చందా అనే మాటే రాకూడదు.

ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం స్టీలు సామాన్ల అంగడాయన్ను, "ఐదు నిమిషాలు రా అన్నా, ఒకటి చూసి పోదువు" అని లైబ్రరీకి పిలుచుకొచ్చాను. లోపల రెండు పొడుగు బల్లలు. ఒక బల్ల చుట్టూ తొమ్మిదిమంది పిల్లలు, మోచేతులు మోచేతులకు తగులుతూ కూర్చున్నారు. చొక్కాలు వీపులకు అతుక్కుపోయాయి. పేజీలు ఎగరకుండా ఒక్కొక్కరి పుస్తకం మీద ఒక గులకరాయి. ఎదురు బల్ల దగ్గర ఒక్కరూ లేరు. ఆయన కాసేపు చూసి, "ఆ బల్లకాడ ఎవురూ కూర్చోరా?" అన్నాడు. నేను మాట్లాడకుండా పైకి చూశాను. ఆయనా చూశాడు. ఆ బల్ల మీద ఫ్యానుకు రెక్కలున్నాయి, తిరగదు. అంతే. మరుసటి రోజు పదింటికి ఎలక్ట్రీషియన్ రెండు కొత్త ఫ్యాన్లతో వచ్చాడు. నేను ఉత్తరం ఇవ్వలేదు, ఇంత అని అడగలేదు.

అందరినీ పిలుచుకురాలేం. రానివాళ్లకు చూపించినట్టే రాయాలి. ఇప్పుడు మా ఉత్తరం ఇలా ఉంటుంది:

"అన్నా, నమస్కారం. మన వీధి లైబ్రరీలో సాయంత్రం 34 మంది దాకా చదువుకుంటున్నారు. కుర్చీలు 22. మిగతావాళ్లు మెట్లమీద కూర్చుంటున్నారు. కుర్చీ ఒకటి 650 రూపాయలు. కొటేషన్ జతచేశాం. మీరు రెండు కుర్చీలు ఇప్పిస్తే ఇద్దరు పిల్లలు లోపలికి వస్తారు. డబ్బు మాకు ఇవ్వక్కర్లేదు, కుర్చీల అంగడికే కట్టండి. శనివారం ఐదింటికి ఒకసారి వచ్చి చూడండి."

ఇందులో బాగా పనిచేసే వాక్యం "డబ్బు మాకు ఇవ్వక్కర్లేదు" అన్నది. అది చదివాక ఎదుటి మనిషి కుర్చీలో వెనక్కి వాలి మాట్లాడతాడు. కొటేషన్ తప్పనిసరిగా బయటి అంగడిది తీసుకోండి. కమిటీ మెంబరు బావమరిది అంగడిది వద్దు. ధర తక్కువైనా వద్దు.

వస్తువు వచ్చాక పని అయిపోలేదు. ప్రభుత్వ శాఖ లైబ్రరీలోకి వచ్చే ప్రతి వస్తువూ, ప్రతి పుస్తకమూ అక్కడి స్టాకు రిజిస్టర్‌లోకి ఎక్కాలి. ఇస్తున్నట్టు మీరు కాగితం రాసివ్వాలి, ముట్టినట్టు లైబ్రేరియన్ సంతకం తీసుకోవాలి. మేం ఒకసారి బీరువా ఇచ్చి ఈ పని మరిచాం. ఆ లైబ్రేరియన్‌కు బదిలీ అయి చార్జ్ అప్పగించే రోజు గదిలో బీరువాలు ఐదు, రిజిస్టర్‌లో నాలుగు. తక్కువైతే సరే, ఎక్కువైనందుకు ఒక మనిషి ఇంత టెన్షన్ పడటం నేనెప్పుడూ చూడలేదు.

బీరువా అన్నాక పేరు సంగతీ చెప్పాలి. ఒకాయన తలుపు మొత్తం ఆకుపచ్చ పెయింటుతో తండ్రి పేరు, తాత పేరు, ఊరు, అంగడి పేరు రాయించి పంపాడు. ఇచ్చినవాడికి పేరు ఇవ్వాల్సిందే, అందులో మొహమాటం లేదు. అయితే ముందే చెప్పేయండి: అరచేతంత రేకు, దానిమీద ఒక పేరు, ఒక సంవత్సరం. పుస్తకాలకైతే లోపలి అట్టమీద చిన్న చీటీ.

ఫ్యాను ఇచ్చేవాడు దొరుకుతాడు, బల్బు మార్చేవాడు దొరకడు

అమెరికాలో కార్నెగీ అనే ఉక్కు వ్యాపారి ఉండేవాడు. ప్రపంచంలో పలుచోట్ల 2,500కు పైగా లైబ్రరీ భవనాలు కట్టడానికి డబ్బిచ్చాడు. ఊరు అడిగింది కదా అని ఊరికే ఇచ్చేవాడు కాదు. స్థలం ఊరివాళ్లే చూపించాలి, ఆయనిచ్చే సొమ్ములో పదోవంతు ప్రతి ఏడాదీ నిర్వహణకు ఖర్చుపెడతామని ఒప్పుకోవాలి. వ్యాపారం చేసినవాడి బుర్ర అది. భవనం ఒకరోజు కడతారు, దీపం రోజూ వెలిగించాలి.

మనకు ఆ రోజువారీ డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? మాకు వచ్చే దారి వర్ధంతులు, పుట్టినరోజులు. మా కడప జిల్లాలో పెద్దల పేరుమీద అన్నదానం చేయనివాళ్లు తక్కువ. అందులో ఒక పాయను లైబ్రరీ వైపు తిప్పుకోవాలి. మేం అడిగేది పేపరు చందా: ఒక దినపత్రిక, ఒక ఏడాది, ఒకరి జ్ఞాపకం.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. చదువు రాదు. భర్త బతికినన్నాళ్లూ పొద్దున ఎనిమిదికల్లా లైబ్రరీ తలుపు తీయకముందే మెట్లమీద కూర్చునేవాడు. ఆయన పోయిన తర్వాత మొదటి ఏడాదికే ఆమె తనంతట తను వచ్చి, "ఆయప్ప చదివే పేపరుకు యాడాదికి ఎంతైతాది?" అని అడిగింది. అప్పటినుంచి ఏటా కడుతోంది. రసీదు రాసిచ్చాక నాచేత బిగ్గరగా చదివిస్తుంది. ఆయన పేరు సరిగ్గా పడిందా అని ఇంకోసారి అడుగుతుంది. తర్వాత దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంటుంది. ఆ పేపరు స్టాండు మీద ఆయన పేరు చీటీ అతికించాం. ఆమె దాన్ని చదవలేదు, కానీ వచ్చినప్పుడల్లా చేత్తో తడిమి పోతుంది.

ఇలాంటివాళ్లు పన్నెండుమంది దొరికితే ఒక శాఖకు పేపర్లు, పిల్లల పత్రికలు, పరీక్షల మాసపత్రికలు నడిచిపోతాయి. పన్నెండు తేదీలు గోడ క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి. తేదీకి పది రోజుల ముందు ఫోను చేయండి. వాట్సాప్ మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, చనిపోయినవాళ్ల సంగతి మెసేజ్‌లో మాట్లాడేది కాదు.

రోకడి గోడకు అతికించండి

అంగడిలో రోజూ రాత్రి రోకడి, అంటే ఆ రోజు వచ్చిన, పోయిన నగదు లెక్క, తేల్చకుండా ఇంటికి పోనిచ్చేవాళ్లు కాదు మా యజమాని. రెండు రూపాయలు తేడా వచ్చినా దొరికేదాకా కూర్చోవాల్సిందే. ఆ అలవాటు కమిటీలో పనికొచ్చింది. ప్రతి నెలా 5వ తేదీన ఒక తెల్లకాగితం మీద జమ ఎడమవైపు, ఖర్చు కుడివైపు రాసి లైబ్రరీ నోటీసు బోర్డుకు అతికిస్తాం. గడియ 120, మేకులు 15, టీ 40. టీ కూడా రాయాలి. టీ దాచిపెట్టినవాడు ఇంకేం దాచాడో అనుకుంటారు.

రసీదు పుస్తకానికి కార్బన్ కాపీ ఉండాలి, నంబర్లు అచ్చు వేయించాలి. పది రూపాయలిచ్చినా రసీదు ఇవ్వాలి. ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ పెట్టేటట్టయితే అది కమిటీ బ్యాంకు ఖాతాదే కావాలి, ఎవరి సొంత నంబరుదీ కాకూడదు. మొదట్లో మేం మా పోస్ట్‌మ్యాన్ గారి నంబరు ఇచ్చాం. ఆయన్ను మించిన నిజాయతీపరుడు లేడు. అయినా మూడో నెలలో ఎవరో టీకొట్టు దగ్గర ఒక మాట అన్నారు. ఆయన రెండు రోజులు భోజనం చేయలేదు. అది ఆయనకు జరగాల్సింది కాదు, తప్పు మా పద్ధతిది.

ఆ గోడ కాగితం వల్ల మేం అనుకోని లాభం ఒకటి జరిగింది. చదువుకోవడానికి వచ్చే పిల్లలే దాన్ని రోజూ చూసి, "అంకుల్, ఈ నెల జమ తక్కువుందే" అని అడగడం మొదలుపెట్టారు. ఉద్యోగం వచ్చినవాళ్లు మొదటి జీతంలోంచి పంపుతున్నారు. వాళ్లను మేం ఒక్కసారీ అడగలేదు.

జనాన్ని రప్పించే సంగతి

ఎండాకాలం మా ఊళ్లో మధ్యాహ్నం కుక్క కూడా బయటికి రాదు. చలివేంద్రాలు వీధికొకటి వెలుస్తాయి. ఎవరో ఒకరు పెట్టేదాన్ని లైబ్రరీ గేటు ముందు పెట్టించండి. మజ్జిగ తాగడానికి ఆగిన మనిషి నీడ కోసం వరండాలోకి వస్తాడు, వరండాలో ఆ రోజు పేపరు కనిపిస్తుంది. పక్కన ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి, "మెంబరుగా చేరితే పుస్తకం ఇంటికి ఇస్తారు" అని మాత్రం చెప్పమనండి. ఇంటికి ఇస్తారన్న సంగతే సగంమందికి తెలీదు.

నాకు తెలిసిన విద్య బట్టల అంగడి కాబట్టి ఇంకోటి చేశాం. శ్రావణమాసంలో పెళ్లి బట్టలకు చుట్టుపక్కల పల్లెలన్నీ ప్రొద్దుటూరుకు వస్తాయి. నాకు తెలిసిన మూడు అంగళ్లలో అడిగి, చీరల కవర్లలో ఒక చిన్న చీటీ వేయించాం. ఒకవైపు లైబ్రరీ వేళలు. రెండోవైపు ఒకే మాట: "మీ ఇంటిపన్నులో మా వాటా ఉంది. వచ్చి వసూలు చేసుకోండి." రెండువేల చీటీల అచ్చు ఖర్చు మా మొదటి ఫ్లెక్సీ కన్నా తక్కువ. జమ్మలమడుగు వైపు ఒక పల్లెనుంచి ఒకాయన ఆ చీటీ పట్టుకుని వచ్చి, "వసూలు అంటే ఏంది సార్, డబ్బులిస్తారా?" అని అడిగాడు. నవ్వుకున్నాంగానీ, ఆయన వాళ్ల ఊరి పంచాయతీ సెస్ సంగతి తెలుసుకుని పోయాడు.

గేటు బయట ఒక నల్లబల్ల పెట్టి ఉద్యోగాల నోటిఫికేషన్లు రాస్తే పిల్లలు వాళ్లంతట వాళ్లే ఆగుతారు. చివరి తేదీ ఎర్ర సుద్దతో రాయండి. తప్పు తేదీ ఒక్కసారి రాసినా ఆ బల్లను ఇంకెవరూ నమ్మరు, కాబట్టి రాసేవాడు ఒక్కడే ఉండాలి. వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ పూలు పెట్టేవాళ్లను మొహమాటం లేకుండా తీసేయండి. వారానికి ఒక్క ఫోటో చాలు, కొత్తగా వచ్చిన పుస్తకాల వెన్నులు కనబడేట్టు.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన పోటీలు, శాలువలు, ఫోటోలు. వాటికి నేను అడ్డు చెప్పను. ఆ వేదిక మీద ఐదు నిమిషాలు అడిగి తీసుకుని ఏడాది లెక్క చదవండి. శాలువ కప్పినప్పటికన్నా "రెండు ఫ్యాన్లు" అని మైకులో వినబడినప్పుడు స్టీలు సామాన్ల అంగడాయన మొహం చూడాలి. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు గ్రంథాలయోద్యమానికి ఎంత చేశారో ఆ వారంలో సీమ పిల్లలకు ఎవరో ఒకరు చెప్పడం కూడా మంచిదే. మన దగ్గర ఏమీ లేదన్న మాట చాలా వింటుంటాం.

కథ చెబితే డబ్బు వస్తుందనడానికి మా జిల్లాలోనే నిదర్శనం ఉంది. కడప ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ ఉండిన బంగళా మొండిగోడలుగా మిగిలింది. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించిన మనిషి, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తెచ్చిన మనిషి ఇక్కడ పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు రాయించాడని జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు కనబడ్డవాళ్లందరికీ చెబుతూ, విరాళాలు పోగేస్తూ ఏళ్ల తరబడి తిరిగారు. అక్కడే లైబ్రరీ లేచింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. మన వీధి లైబ్రరీకి బ్రౌన్ లేకపోవచ్చు. మెట్లమీద కూర్చుని చదివి ఎస్సై అయిన కుర్రాడు ఉంటాడు. ఆ కుర్రాణ్ని అడిగి, ఒప్పుకుంటేనే, ఆయన కథ చెప్పండి.

సంచుల్లో వచ్చే పుస్తకాలు

పుస్తకాలు దానం చేయండి అని ఊరికే అడిగితే ఏమొస్తాయో చెబుతాను. సిలబస్ మారిపోయిన గైడ్లు, చెదలు తిన్న భక్తి పుస్తకాలు, ఎవరి పెళ్లికో వచ్చిన డైరీలు. ఒకరి ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆరు గోనెసంచులు మా వరండాలో దించి పోయారు. రెండో సంచిలో తేలు ఉంది.

కాబట్టి కావాల్సిన పుస్తకాల పట్టీ రాసి గోడకు పెట్టండి. పేరు, ఏ సంవత్సరం అచ్చు, ధర. పిల్లలనే అడిగి రాయించండి. ఆ పట్టీలో లేనివి తీసుకోవాలంటే కమిటీకే తీసుకోండి, లైబ్రరీకి కాదు. తేడా ముఖ్యం. రిజిస్టర్‌లో ఎక్కిన పుస్తకం ప్రభుత్వ ఆస్తి. దాన్ని మీరు అమ్మలేరు, పారేయలేరు. ఎక్కకముందే వేరుచేసి, బాగున్నవి లైబ్రరీకి ఇచ్చి, మిగతావి దసరాకు బల్ల వేసి 20 రూపాయలకు ఒకటి చొప్పున అమ్ముతాం. మా ఊరి దసరా చూడ్డానికి పక్క ఊళ్లనుంచి కూడా జనం వస్తారు, గిరాకీకి లోటుండదు. చివరికి మిగిలినవి పాత పేపర్ల అంగడికి తూకం.

కాగితాల పని, గబగబా

సొసైటీగా రిజిస్టర్ కావాలంటే మన రాష్ట్రంలో 2001 చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. తర్వాత పాన్, బ్యాంకు ఖాతా. ఇద్దరి సంతకాలు లేనిదే డబ్బు తీయలేనట్టు పెట్టుకోండి. దాతకు పన్ను మినహాయింపు ఇప్పించే 80జీ అనుమతికి ఆదాయపన్ను శాఖకు అర్జీ పెట్టాలి. ఆడిటర్‌ను పట్టుకోండి. 2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదని దాతకు ముందే చెప్పండి, తర్వాత మాట పడొద్దు.

ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా, సీఎస్ఆర్ డబ్బు, అంటే కంపెనీలు సమాజసేవకు ఖర్చుపెట్టే డబ్బు, అడగొచ్చా అంటారు. అడగొచ్చు. 2013 కంపెనీల చట్టంలో ఆ డబ్బు ఖర్చుపెట్టదగ్గ పనుల జాబితాలో పౌర గ్రంథాలయాల ఏర్పాటు కూడా ఉంది. కాకపోతే వాళ్ల చేతినుంచి నేరుగా తీసుకోవాలంటే సంస్థ సీఎస్ఆర్-1 అనే ఫారం కింద నమోదై ఉండాలి. చిన్న కమిటీలు ఆ బరువు ఎత్తుకోకుండా, పని వాళ్లనే చేయించమని అడగడం తేలిక. కోల్‌కతాలో 1972 నుంచి ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ పుస్తకాలకు, భవనాలకు, బీరువాలకు సాయం చేస్తుంది. ఆ అర్జీ జిల్లా గ్రంథాలయ సంస్థ ద్వారా కదిలించాలి, కాబట్టి అక్కడివాళ్లతో పోట్లాట పెట్టుకుని ఉంటే ముందు సర్దుకోండి.

కువైట్‌లో ఉన్న మనవాళ్లు పంపుతామంటారు. భారత పౌరుడిగా ఉంటూ, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసి ఫైల్లో పెట్టుకోండి. అమెరికాలో పౌరసత్వం తీసుకున్న మేనల్లుడు పంపితే మాత్రం వస్తుంది. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ లేకుండా రూపాయి కూడా తీసుకోవద్దు. మన పిల్లోడే కదా అనుకుంటే ఇరుక్కునేది మన సొసైటీనే.

లేదు అన్నవాళ్ల పట్టీ

అడిగిన ప్రతి ఒక్కరికీ నా చిట్టాలో ఒక వరుస ఉంటుంది. ఎప్పుడు వెళ్లాం, ఏం అడిగాం, ఏమన్నారు. "రేపు రాండి" అన్నవాళ్ల దగ్గరికి నిజంగానే రేపు వెళ్తాను. రెండోసారీ అదే అంటే "కాదు" అని రాసుకుంటాను, మూడోసారి వెళ్లను. ఆరు నెలల తర్వాత వెళ్తాను, కానీ అడగడానికి కాదు. గోడకు అతికించిన లెక్క కాగితం జిరాక్స్ ఒకటి ఇచ్చి, టీ ఇస్తే తాగి వస్తాను.

ఫ్లెక్సీ రోజున పొద్దున్నే మమ్మల్ని కసిరి పంపిన ఇనుప సామాన్ల అంగడాయనకు అట్లా నాలుగు కాగితాలు ఇచ్చాను. ఐదోది ఇవ్వబోతే చూసి, "ఈ మేకులు 15 రూపాయలకు యాడ కొన్నారు? మన అంగట్లో ఊరికే ఇద్దును కదా" అన్నాడు. వచ్చే నెల కొత్త అరలు కొట్టించాలి. మేకులు, కోణం ఇనుము, బోల్టుల కొలతలు రాసుకున్నాను. మంగళవారం మూడున్నరకు పోవాలి.